చరణం దాకా వినేవారెవరు? (కోలారు తెలుగు శ్రోత, పాట, చేతి యంత్రం)

మారికుప్పంలో బయలుదేరి బెంగళూరు వెళ్లే పాసింజరు బండి బంగారుపేట దాటి, మాలూరు చేరేలోగా టేకల్‌లో ఆగుతుంది. స్టేషను బోర్డు మీద ఊరిపేరు కన్నడ, హిందీ, ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. తెలుగు అక్షరం ఉండదు. ఉండాలనే నియమమూ లేదు. కాని బండి కోసం నిలబడ్డవాళ్ల మాటలు కాసేపు వింటే వాటిలో తెలుగు తప్పకుండా ఉంటుంది. కోలారు సీమలో తెలుగు స్థితిని ఇంతకంటే క్లుప్తంగా చెప్పడం కష్టం. అది చెవికి వినిపిస్తుంది, కంటికి కనిపించదు.

ఈ బండిలో రోజూ పనికి పోయివచ్చే సంగీతప్రియుణ్ణి ఒకణ్ణి ఊహించుకుందాం. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు. బడిలో కన్నడం చదువుకున్నాడు. పనిచోట ఇంగ్లీషుతో నెట్టుకొస్తాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో స్మార్ట్‌ఫోను. బండి బెంగళూరు చేరేలోగా ఒక కృతి, రెండు సినిమా పాటలు, ఎవరో పంపిన ఒక తత్వం వింటాడు. ఇతనికి తెలుగు సాహిత్యభాషగా పరిచయమయ్యేది పుస్తకం ద్వారా కాదు, పాట ద్వారానే. కనుక ఇతని చేతిలోని యంత్రం పాటతోపాటు ఏ వివరాలు అందిస్తున్నది, వేటిని వదిలేస్తున్నది అన్నది వేరేచోట కాలక్షేపపు ప్రశ్న కావచ్చుగాని, ఇక్కడ భాషకు సంబంధించిన ప్రశ్న. ఈ వ్యాసంలో పరిశీలించబోయేది దాన్నే.

యంత్రం వచ్చి సంగీతాన్ని చెడగొట్టిందనే వాదం పాతది. గ్రామఫోను వచ్చినప్పుడు అన్నారు, రేడియో వచ్చినప్పుడు అన్నారు, క్యాసెట్టు వచ్చినప్పుడూ అన్నారు. ఆ వాదాన్ని మళ్లీ వినిపించడం ఇక్కడ ఉద్దేశం కాదు. పాటకు ఒక పేరుపలక ఉంటుంది. పాట ఎవరిది, ఏ భాషది, ఏ రాగంలోది అన్న సమాచారం అందులో ఉంటుంది. కాలం మారినకొద్దీ ఆ పలక ఎక్కడ ఉంటూ వచ్చింది, ఇప్పుడెక్కడుంది అని చూడడమే ఉద్దేశం.

1. పాటలోనే పేరు

మన వాగ్గేయకారులు పాటకు పేరుపలకను పాట లోపలే అమర్చారు. దాన్నే ముద్ర అంటాం. త్యాగరాజు తన పేరే ముద్రగా పెట్టుకున్నాడు. క్షేత్రయ్య పదాల్లో మువ్వగోపాలుడు, అన్నమయ్య సంకీర్తనల్లో వేంకటేశుడు, కైవారం నారాయణప్ప తత్వాల్లో అమరనారేయణుడు ముద్రలుగా కనిపిస్తారు. పాట నోటినుంచి నోటికి, ఊరినుంచి ఊరికి పోతుంది. రాసినవాడు వెంట వెళ్లలేడు. తాళపత్రం అందరికీ అందదు. కాబట్టి పాటను ఎవరు మోసుకుపోయినా పేరు కూడా వెంట పోయేలా చేసిన ఏర్పాటు ఇది. భక్తి దృష్టితో చూస్తే ముద్ర ఇష్టదైవానికి నివేదన. ప్రసార దృష్టితో చూస్తే సంతకం.

ఈ సంతకం సాధారణంగా చివరి చరణంలో ఉంటుంది. ఇది ముఖ్యమైన విషయం. పల్లవి విని వెళ్లిపోయేవాడికి పాట ఎవరిదో తెలియదు. చివరిదాకా కూర్చున్నవాడికే తెలుస్తుంది. ముద్రను చివర పెట్టడంలో, శ్రోత చివరిదాకా ఉంటాడన్న నమ్మకం ఉంది.

రాతలోకి వచ్చినప్పుడు కూడా ఈ జాగ్రత్త కనబడుతుంది. తాళ్లపాక కవుల సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించినవారు స్వరాలు రాయలేదు గాని పాట పాటకూ రాగం పేరు చెక్కించారు. మైసూరు మహారాజా కళాశాలలో దీర్ఘకాలం తెలుగు బోధించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఆ తరువాత తిరుపతిలో ఆ సంకీర్తనలను పరిష్కరించి, కొన్నిటికి స్వరరచన చేసినప్పుడు, రేకు మీది ఆ రాగం పేరు ఒక ఆధారమైంది. పాటతోపాటు నాలుగు అక్షరాల వివరం మిగిలినా, వందల ఏళ్ల తరువాత దానివల్ల ఎంత పని జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఆ పని చేసినది కన్నడ దేశంలో తెలుగు పాఠం చెప్పిన అధ్యాపకుడన్న సంగతి తెలుగు నేలకు దూరంగా తెలుగు చదువుకుంటున్న మన విద్యార్థులు గుర్తుంచుకోదగింది.

2. యంత్రం మీద పేరు

యంత్రం వచ్చాక పేరుపలక పాట లోపలినుంచి బయటికి వచ్చింది. 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు రికార్డు చేసినప్పుడు ఆమె పాట చివర తన పేరు ఇంగ్లీషులో ప్రకటించింది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హనోవర్‌లో. అక్కడివారికి ఎవరి గొంతు ఎవరిదో తెలియదు గనుక ఆ ప్రకటన అవసరమైందని చెబుతారు. ఇదీ ఒక ముద్రే, ఇదీ పాట చివరే. అయితే ఒక మార్పు జరిగింది. ముద్ర రాసినవారి పేరు చెబితే, ఈ ప్రకటన పాడినవారి పేరు చెప్పింది. యంత్రయుగం మొత్తం ఆ మార్పునే అనుసరించింది.

రేడియో కొంతకాలం ఈ రెంటినీ కలిపింది. మైసూరులో 1935లో ఎం. వి. గోపాలస్వామి సొంతంగా ప్రారంభించిన కేంద్రానికి ఆకాశవాణి అని పేరు. తరువాత దేశంలోని రేడియో అంతటికీ ఆ పేరే వచ్చింది. విజయవాడ కేంద్రం 1948లోనూ, కడప కేంద్రం 1963లోనూ మొదలయ్యాయి. కచేరీకి ముందు, కృతికీ కృతికీ మధ్య, కృతి పేరు, రాగం, తాళం, రచయిత పేరు చెప్పడం ఆకాశవాణి సంప్రదాయం. బడికి పోనివాడు కూడా ఆ ప్రకటనలు రోజూ విని ఫలానా కృతి త్యాగరాజుదని, ఫలానాది శ్యామశాస్త్రిదని నేర్చుకున్నాడు. ప్రకటన చేసే గొంతు ఒక విధంగా పాఠం చెప్పే గొంతు.

1963లో వచ్చిన క్యాసెట్టు మనదేశంలో 1980లలో ఇంటింటికీ చేరింది. దానిలో మడిచి పెట్టిన కాగితం ఉండేది. శాస్త్రీయ సంగీతపు క్యాసెట్టయితే ఆ కాగితం మీద కృతి, రాగం, తాళం, కర్త వరసగా ఉండేవి. చాలామంది సంగీతప్రియులకు అదే పాఠ్యపుస్తకం. క్యాసెట్టును మరో ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించుకున్నప్పుడు మాత్రం ఆ కాగితం రాదు. కలంతో రాసుకుంటేనే ఉంటుంది. పాట నకలైనంత సులభంగా పేరు నకలు కాదన్న సంగతి అప్పుడే తేలింది.

ఆ తరువాత ఎంపీత్రీ వచ్చింది. పాట ఒక ఫైలయింది. ఫైలు తయారుచేసినవారు దానికి మొదట పేరుపలక పెట్టలేదు. 1996లో ఐడీత్రీ అనే పద్ధతి వచ్చింది. ఫైలు చివర 128 బైట్ల చోటు. అందులో పాట పేరుకు 30, పాడినవారి పేరుకు 30, ఆల్బం పేరుకు 30, సంవత్సరానికి 4, వ్యాఖ్యకు 30, సంగీతం ఏ తరగతిదో చెప్పడానికి 1, పలక మొదలైందని చెప్పే గుర్తుకు 3. మళ్లీ పాట చివరే కావడం విశేషం. కాని రాసినవారి పేరుకు గడి లేదు. భాషకు గడి లేదు. రాగం మాట చెప్పనక్కరలేదు. తరగతుల మొదటి జాబితాలో 80 పేర్లున్నాయి. అందులో కర్ణాటక సంగీతం లేదు. త్యాగరాజ కృతిని చేర్చవలసివస్తే దగ్గరలో ఉన్నది ‘ఎత్నిక్’ అనే గడి. అమెరికాలోనో ఐరోపాలోనో కూర్చున్నవాడికి తనది కాని సంగీతమంతా ఒకే మూట అన్నమాట.

లిపి సంగతి ఇంకా విచిత్రం. ఆ 30 బైట్ల గడి రోమన్ అక్షరాన్ని మనసులో పెట్టుకుని చేసింది. ఇప్పుడు వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. ‘బ్రోచేవారెవరురా’ అన్న మాటలో హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు కలిపి 15 సంకేతాలున్నాయి. అంటే 45 బైట్లు. ఆ గడిలో దాన్ని రాయబోతే ‘బ్రోచేవారె’ దగ్గర చోటు అయిపోతుంది. పాట పేరే పూర్తిగా పట్టని చోట కర్త పేరు ఎక్కడ పడుతుంది?

1998లో ఈ పద్ధతిని విస్తరించారు. ఇప్పుడు స్వరకర్తకు, గేయకర్తకు, భాషకు విడివిడిగా గడులున్నాయి. పొడవుకు పాత హద్దు లేదు. కాబట్టి యంత్రానికి చేతకాదనే మాట ఇప్పుడు చెల్లదు. గడి ఉంది, నింపినవారు లేరు. మొబైలు దుకాణంలో మెమరీ కార్డులోకి వందలకొద్దీ పాటలు ఎక్కించుకున్న రోజుల్లో పాట పేరు ఉండవలసినచోట ఏదో వెబ్‌సైటు పేరు ఉండడం చాలామందికి జ్ఞాపకమే. ఇవాళ వాట్సాప్‌లో వచ్చిన పాటను చూడండి. మూడు ఇంగ్లీషు అక్షరాలు, వచ్చిన తేదీ, ఒక వరస సంఖ్య. పాడినవారి పేరు కూడా పోయింది. గౌహర్ జాన్ జాగ్రత్త కూడా ఇప్పుడు లేదు.

3. రెండు పల్లవులు

ఇంతవరకు చెప్పినది వట్టి యంత్రచరిత్ర అనిపించవచ్చు. దీనివల్ల వినడంలో జరిగే నష్టం ఏమిటో రెండు ఉదాహరణలతో చూద్దాం.

మొదటిది, పైన లెక్కపెట్టిన ‘బ్రోచేవారెవరురా’ కృతి. ఖమాస్ రాగం. 1980లో విడుదలైన శంకరాభరణం చిత్రంలో వినిపించిన తరువాత ఇది తెలియని తెలుగు ఇల్లు లేదు. ఈ కృతి ఎవరిదని అడిగితే ఎక్కువమంది తడుముకోకుండా త్యాగరాజు పేరు చెబుతారు. నిజానికి ఇది మైసూరు వాసుదేవాచార్య (1865–1961) రచన. ఆయన మైసూరు ఆస్థాన విద్వాంసుడు, పట్నం సుబ్రహ్మణ్యయ్యర్ శిష్యుడు, తెలుగులోనూ సంస్కృతంలోనూ కృతులు రచించాడు, కన్నడంలో సంగీత విద్వాంసుల జ్ఞాపకాలు రాశాడు. కన్నడ దేశంలో పుట్టి తెలుగులో పాట కట్టిన మనిషి.

ఈ పొరపాటు ఎందుకు జరుగుతుంది? పల్లవిలో సంబోధన రాముడికి. తెలుగు కృతి, రాముడి మీద పాట అనగానే త్యాగరాజు అనుకోవడం మనకు అలవాటు. కాని చరణం దాకా వింటే, రాముణ్ణి వేడుకునే పాటలో వాసుదేవుడి పేరు వస్తుంది. శ్రద్ధగా వినేవాడికి అక్కడ అనుమానం కలగాలి. రామకృతిలో ఈ వాసుదేవుడెవరు? అది దైవనామమూ అవును, కర్త సంతకమూ అవును. వాసుదేవాచార్య చేసిన శ్లేష అది. కృతి ఎవరిదో కృతే చెబుతోంది; మనం అంతవరకూ వినడంలేదు. పొరపాటు యంత్రం పుట్టించింది కాదు. యంత్రం దాన్ని స్థిరపరచింది. ఒకరు తప్పుగా రాసిన కర్త పేరు ఫైలు నకలైన ప్రతిసారీ నకలవుతుంది.

దీనివల్ల టేకల్ శ్రోతకు జరిగే నష్టం వేరే. అతనికి తెలుగు పాటంటే తన ఊరికి తూర్పున ఎక్కడో పుట్టి తనదాకా వచ్చిన సరుకు. తను ఉన్న రాష్ట్రంలోనే, మైసూరులోనే, ఇరవయ్యో శతాబ్దంలో కూడా తెలుగులో కృతులు పుట్టాయని అతనికి చెప్పగలిగిన పాట ఇది. కర్త పేరు మారిపోయేసరికి ఆ సాక్ష్యం పోయింది.

రెండో ఉదాహరణ ‘సామజవరగమన’. హిందోళంలో త్యాగరాజ కృతి, సంస్కృతంలో ఉంది. అదే మాటతో శంకరాభరణంలో వేటూరి పాట ఉంది. అదే మాటతో 2020లో విడుదలైన అల వైకుంఠపురములో చిత్రానికి సిరివెన్నెల సీతారామశాస్త్రి రాసిన పాట ఉంది. తమన్ స్వరపరచగా సిద్ శ్రీరామ్ పాడాడు. 2023లో అదే పేరుతో సినిమాయే వచ్చింది. బ్రోచేవారెవరురా పేరుతో కూడా 2019లో ఒక సినిమా వచ్చింది. ఫోనులో ఆ మాట కొట్టినవాడికి ఇవన్నీ కలిసి ఎదురవుతాయి. ఏది ముందు కనిపించాలో నిర్ణయించేది ఎంతమంది చూశారన్న లెక్క.

ఇందులో తప్పుపట్టవలసింది సినిమాకవులను కాదు. పాత మాటను కొత్త పాటలో పెట్టడం సాహిత్యంలో ఎప్పుడూ ఉన్న పనే. వేటూరి ఆ మాట ఎత్తుకున్నప్పుడు అది త్యాగరాజుదని శ్రోతకు తెలుసన్న ధీమాతోనే ఎత్తుకున్నాడు. తెలిసినవాడికే అందులోని చమత్కారం అందుతుంది. మూడు పాటలనూ ఒకదాని తరువాత ఒకటి విని, ఒకే సమాసం ఒకచోట దేవుడికి, మరోచోట ప్రేయసికి ఎలా వర్తించిందో గమనించే వీలు మన తాతలకు లేదు. మనకుంది. అయితే మూడూ మూడు వేరువేరు పాటలని, వాటిమధ్య ఒక వరస ఉందని చెప్పే పలక లేకపోతే ఆ వీలు వ్యర్థం. ముందు కనబడ్డదే మొదటిదనుకుంటాం.

పాటను గుర్తుపట్టే సాధనాలున్నాయి కదా అనవచ్చు. 2002లో బ్రిటన్‌లో మొదలైన షజామ్ వంటివి వినిపిస్తున్న రికార్డును తన భాండాగారంలోని రికార్డులతో పోల్చి పేరు చెబుతాయి. అవి గుర్తుపట్టేది రికార్డును, పాటను కాదు. అదే కృతిని ఇంకొకరు ఇంకొక శ్రుతిలో పాడితే ఆ పోలిక కుదరదు. 2020 నుంచి గూగుల్ కూనిరాగాన్ని బట్టి వెతికే పద్ధతి తెచ్చింది. అదీ ఇదివరకే అక్కడ ఉన్నవాటినే చూపించగలదు. ఊరి భజనలో పాడే తత్వానికి భాండాగారంలో చోటే లేనప్పుడు దాన్ని గుర్తుపట్టే యంత్రం ఉండదు. దాన్ని గుర్తుపట్టగలిగింది చివరి చరణంలోని ముద్ర ఒక్కటే.

4. అమరనారేయణుడి భాష

ఆ ముద్ర దగ్గరికే వద్దాం. కైవారం నారాయణప్పను ఈ ప్రాంతంలో కైవారం తాతయ్య అంటారు. సంప్రదాయం ప్రకారం ఆయన కాలం 1726–1836. గాజులమ్మి బతికినవాడు. ఇప్పుడు చిక్కబళ్లాపురం జిల్లాలో చేరిన కైవారం, 2007లో జిల్లా విడిపోకముందు కోలారు జిల్లాలోనిదే. తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పాడు. ఆ తత్వాలను ఈ సీమలో భజనమేళాలు ఇప్పటికీ పాడుతున్నాయి. ఏటా గురుపౌర్ణమికి కైవారంలో సంగీతోత్సవం జరుగుతుంది.

ఇక్కడ ఫోను చేసిన మేలు ఒప్పుకోవాలి. ఆకాశవాణి పాడేవారిని పరీక్షించి, శ్రేణులుగా విభజించి అవకాశమిచ్చింది. భజనగుడిలో తాళాలు పట్టుకుని పాడే పెద్దాయనకు ఆ పరీక్షలో చోటు దొరకడం కష్టం. క్యాసెట్టు కంపెనీకి అమ్ముడుపోయే సరుకు కావాలి. రేడియోలో కర్తల పేర్లు చక్కగా చెప్పిన కాలంలో, ఈ ఊళ్ల పాటను రికార్డు చేసినవారే అరుదు. పేరుపలక గొప్పగా ఉండేది, కాని అది అందరి పాటకూ ఉండేది కాదు. ఇవాళ మనవడు ఫోను ఎత్తిపట్టుకుంటే అవ్వ పాడిన తత్వం నిలిచిపోతుంది. పాత రోజులే బాగున్నాయని వాదించేవారు ఈ ఒక్క విషయానికి సమాధానం చెప్పలేరు.

కాని ఆ మనవడు తీసిన రికార్డు ముగ్గురి చేతులు మారేసరికి ఏమవుతుంది? అవ్వ పేరుండదు, ఊరి పేరుండదు. కైవారం కర్ణాటకలో ఉంది, పాడినవారు కర్ణాటకవారు, పంచుకునేవారు రాసే నాలుగు మాటలు కన్నడంలో ఉంటాయి. అంతా కలిపి దాన్ని కన్నడ భక్తిగీతాల వరసలో చేర్చడం సులభం. వినే పిల్లవాడు అది కన్నడమేననుకుని, కొంచెం వింతగా ఉన్న కన్నడమనుకుని, ఊరుకుంటాడు. ఇంట్లో తను మాట్లాడే భాషే పాటలో ఉందని అతనికి తట్టకపోవచ్చు. ఇదీ ఈ వ్యాసంలో ప్రధానంగా చెప్పదలచిన నష్టం. పాట పోలేదు. పాటకూ తన భాషకూ ఉన్న సంబంధం పోయింది.

ఇది కన్నడం మీద ఫిర్యాదు కాదు. తాతయ్య రెండు భాషల్లోనూ చెప్పినవాడు. ఆయన పాటను రెండు భాషలవారూ కాపాడారు. ఈ తెలుగు తత్వాలు కన్నడ లిపిలో అచ్చయి, కన్నడ అక్షరాలు మాత్రమే వచ్చిన తెలుగువారి చేతుల్లో బతికాయి. అలాంటిచోట ‘ఇది మాది’ అని లాక్కోవడం అనాగరికం. రెండు భాషల్లో చెప్పాడన్న నిజం పలక మీద ఉండాలన్నదే కోరిక. ఒకే భాష పేరు రాస్తే, అది ఏ భాషయినా సరే, తాతయ్యకు సగం అన్యాయం.

5. లిపి అడ్డమా?

టేకల్ శ్రోతకు తెలుగు చదవడం రాదు గనుక పాట పాఠం ఇచ్చినా ఉపయోగం లేదని అనవచ్చు. ఇది పరిశీలించవలసిన అభ్యంతరమే. అతను పాట పేరు రోమన్ అక్షరాల్లో కొడతాడు. రోమన్‌లో మన పాటలకు స్థిరమైన వర్ణక్రమం లేదు. త, థ, ద, ధలకు ఎవరి అలవాటు వారిది. ‘ఎందరో’ అన్న మాటను తమిళదేశపు అలవాటులో రాసిన రోమన్ రూపం చూసి ‘ఎంతరో’ అని చదివేవారున్నారు. అచ్చులో పడ్డ తప్పు గొంతులోకి కూడా దిగుతుంది.

ఈ ఇబ్బందిని మొదట గట్టిగా ఎదుర్కొన్నది కూడా తెలుగునేలకు దూరంగా ఉన్నవారే. 1990ల ఆరంభంలో అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగు విద్యార్థులు తెలుగును రోమన్ అక్షరాల్లో తప్పులేకుండా రాసుకునే ఆర్టీఎస్ పద్ధతిని తయారుచేశారు. హ్రస్వదీర్ఘాలకు, త–టలకు అందులో స్పష్టమైన భేదముంది. తమ అవసరానికి తామే సాధనం చేసుకున్న విద్యార్థులు వారు.

కోలారు అవసరానికి సాధనం ఇంకా దగ్గరలో ఉంది. 1991 నాటి భారతీయ ప్రమాణం ఇస్కీలో మన లిపులన్నిటికీ ఒకే వరస. లిపి మారినా అక్షరం స్థానం మారదు. యూనికోడ్ ఆ వరసనే అనుసరించింది. అందులో తెలుగుకు 128 స్థానాలు, దాని వెంటనే కన్నడానికి 128 స్థానాలు. తెలుగు ‘క’ స్థానానికి 128 కలిపితే కన్నడ ‘క’ వస్తుంది. ఒకప్పుడు ఒకే లిపిగా ఉండి విడిపోయిన ఈ రెండూ యంత్రంలో మళ్లీ పక్కపక్కనే చేరాయి. ఒకటి రెండు అక్షరాల సర్దుబాటు తప్పిస్తే, తెలుగు లిపిలో ఉన్న పాటను కన్నడ లిపిలో చూపించడం కంప్యూటరుకు కూడిక లెక్క. కాబట్టి లిపి రాదన్నది అడ్డంకి కాదు. తెలుగు పాఠాన్ని కన్నడ అక్షరాల్లో చదవడం ఈ సీమకు కొత్త కూడా కాదు. తాతయ్య తత్వాల పాఠకులు చేసింది అదే. 2017లో గూగుల్ తెలుగుకూ కన్నడానికీ ఒకేసారి మాట విని రాసే సదుపాయం ఇచ్చింది. అయితే ఫోను కన్నడానికి అమర్చి ఉంటే అది తెలుగు మాటను కన్నడంగానే వింటుంది. వాడుకరి రెండు భాషల మనిషి అని యంత్రానికి ఎవరో ఒకరు చెప్పాలి.

అవసరం తెలిసినవాడు చేసిన యంత్రం ఎలా ఉంటుందో బెంగళూరులోనే ఒక ఉదాహరణ ఉంది. వేణువిద్వాంసుడూ ఇంజినీరూ అయిన జి. రాజ్‌నారాయణ్ తయారుచేసిన రాడెల్ ఎలక్ట్రానిక్ తంబురా, తాళమాల సాధన చేసేవారి ఇళ్లన్నిటికీ చేరాయి. ఆ పెట్టె అడిగే మొదటి ప్రశ్న ‘నీ శ్రుతి ఎంత?’ అని. పాటల ఫోను మాత్రం ‘నీ పాట ఏ భాషది, ఎవరిది?’ అని అడగదు. ఆ తేడా విద్యుత్తుది కాదు, చేసినవారి చెవిది.

6. నాదం చాలదా?

చివరిగా ఒక బలమైన వాదం ఉంది. సంగీతానికి నాదం చాలు. మాటలతో, కర్త పేరుతో పని ఏమిటి? తెలుగు రాని తమిళ శ్రోతలు త్యాగరాజును తరతరాలుగా నిలబెట్టలేదా? నిలబెట్టారు, సందేహం లేదు. కాని వారు నిలబెట్టింది పేరు వదిలేసి కాదు. గురువు దగ్గర కూర్చుని, పాఠం రాసుకుని, కర్త ఎవరో తెలుసుకుని నిలబెట్టారు. భాష రాకపోయినా భాష పేరు వారికి తెలుసు.

ఇక్కడ బెంగళూరు నాగరత్నమ్మను తలచుకోవాలి. తిరువయ్యూరులో త్యాగరాజ సమాధి దగ్గర గుడి కట్టించిన గాయనిగా ఆమె అందరికీ తెలుసు. ముద్దుపళని రాధికాసాంత్వనం అచ్చుప్రతిలో కొంత భాగం వదిలేశారని గమనించి, వ్రాతప్రతి సంపాదించి, పూర్తి పాఠాన్ని 1910లో వావిళ్లవారి ద్వారా ప్రచురించింది ఆమే. మరుసటి సంవత్సరమే దానిమీద నిషేధం వచ్చింది, స్వాతంత్ర్యకాలం దాకా తొలగలేదు. ఆమె పండితపదవిలో లేదు, పాడే మనిషి. అయినా తన చేతికొచ్చిన ప్రతితో తృప్తిపడలేదు. ఇది ఎవరి రచన, ఇంతేనా, మిగిలింది ఎక్కడ అని అడిగింది. సంగీతప్రియత్వానికి ఈ ప్రశ్నలు బయటివి కావని ఆమె జీవితమే చెబుతుంది.

తెలుగునేల వెలుపల తెలుగు చదువుకుంటున్నవారికి దీనినుంచి ఒక చిన్న పని కనబడుతుంది. మీ ఊళ్లో, మీ ఇంట్లో ఎవరైనా పాడితే ఫోనులో పట్టుకోండి. పాట అయిపోయాక ఫోను ఆపకండి. పాడినవారి అనుమతితో వారి పేరు, ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో, అది ఏ భాషలో ఉందనుకుంటున్నారో వారి నోటనే చెప్పించండి. ఫైలు చేతులు మారినా ఆ మాటలు పాటతోనే ఉంటాయి. గౌహర్ జాన్ చేసింది అదే, వాగ్గేయకారులు అంతకుముందే చేసింది అదే. ఆ తరువాత తీరిక దొరికినప్పుడు పాఠం తెలుగులోనో కన్నడ లిపిలోనో రాసి, కర్త గడి, భాష గడి నింపవచ్చు. పాట రెండు భాషలదైతే రెండూ రాయండి.

టేకల్‌లో బండెక్కిన శ్రోత బెంగళూరులో దిగేలోగా ఒక పాటనైనా చివరి చరణం దాకా వింటే, అందులో ఎవరి పేరుందో అతనికే వినబడుతుంది.